గుర్రం మీది గొంగడి

నేను గొంగడిని. దక్కనీ గొర్రెల నల్లబొచ్చును కురుమ ఇళ్ళ ఆడవాళ్ళు వడికితే, గుంటమగ్గం మీద నేసి చింతగింజల గంజి పట్టిస్తే బిరుసెక్కిన ఒళ్ళు నాది. మా జాతి పుట్టిందే గొర్లకాపరి భుజం కోసం: వానకు గొడుగు, ఎండకు నీడ, రాత్రికి పక్క. నాకు మాత్రం హైదరాబాదు నాంపల్లి రాసిపెట్టి ఉంది. స్టేషనుకూ ఆబిడ్స్‌కూ నడుమ గల్లీల్లో ఉంటూ పెళ్ళిళ్ళకు తిరిగే ఓ తెల్లగుర్రం వీపే నా ఇల్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు గోడ మేకుకు వేలాడతాను. చలిగాలి మొదలైతే నాకు పిలుపు. చలికాలంలో గుర్రాన్ని బయట ఉంచాలా, లాయంలో కట్టేయాలా అన్న తగవులో నేను సాక్ష్యం చెప్పాలంటే, నా లాభం ఎటుందో ముందే ఒప్పుకోవాలి. చలికి జనం ఎంత భయపడితే నాకు అంత మర్యాద. అయినా నా మాట ఇది: ఈ ఊరి చలికి ఆరోగ్యంగా ఉన్న గుర్రాన్ని నాలుగు గోడల మధ్య మూసిపెట్టనక్కర్లేదు. హైదరాబాదులో గుర్రం నెత్తిన కప్పు ఉండాల్సింది ఎండాకాలంలో, వానాకాలంలో. చలి రాగానే తలుపు వేసి, మే నెలలో నడిరోడ్డు మీద నిలబెట్టేవాళ్ళు లెక్కను తిరగేసి చేస్తున్నారు.

ఒంటి వేడిని నిలుపుకోవడానికి ప్రత్యేకంగా ఏ కష్టమూ పడనక్కర్లేని వాతావరణం గుర్రానికి సుమారు 5 డిగ్రీల నుంచి 25 డిగ్రీల సెల్సియస్ దాకా అని 1990లలో స్వీడన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. బాగా చలికి అలవాటుపడ్డ గుర్రాల్లో ఆ కింది హద్దు మైనస్ 15 దాకా దిగుతుందని అంతకు ముందే కెనడాలో కొలిచారు. మనిషి సంగతి వేరు. బట్టలు లేకుండా కదలక కూర్చుంటే 27, 28 డిగ్రీల దగ్గరే అతనికి చలి మొదలవుతుంది. గుర్రాన్ని చూసుకునే సయీసు తన ఒంటి వణుకును బట్టి గుర్రం చలిని అంచనా వేస్తాడు. తప్పంతా అక్కడే మొదలవుతుంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఆగుతాయి. ఊరి రికార్డుల్లోకెల్లా చల్లని రాత్రి 1946 జనవరి 8. ఆ రాత్రి 6.1 డిగ్రీలు. ఆ రాత్రి కూడా గుర్రం కింది హద్దుకు పైనే ఉంది. మరి పై హద్దో? మే నెల మధ్యాహ్నాలు సగటున 39 డిగ్రీల చుట్టూ తిరుగుతాయి, 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. చలికాలం గుర్రం హద్దుల్లోపల ఇమిడిపోతుంది. ఎండాకాలం ఆ హద్దుల్ని పదిహేను, ఇరవై డిగ్రీలు దాటిపోతుంది. ఏ కాలానికి భయపడాలో ఇంత తేటగా ఉన్నాక మిగిలేది అలవాటే.

యాకూతియాలో గుర్రాలు మైనస్ 50 డిగ్రీల్లో మంచు తవ్వుకుని గడ్డి తింటూ ఆరుబయటే బతుకుతాయనీ, ఐస్‌లాండ్ గుర్రాలు వెయ్యేళ్ళకు పైగా గాలివానల్లోనే పెరిగాయనీ చెబితే, వాటికీ మన గుర్రానికీ పోలికేమిటని అడుగుతారు. అడగాల్సిందే. గుర్రం ఒంటి మీద చలిబొచ్చు పెరగడం ముఖ్యంగా పగటి పొడవు తగ్గడం మీద ఆధారపడి ఉంటుంది. 17 డిగ్రీల అక్షాంశం మీదున్న మన ఊళ్ళో డిసెంబరు పగలు పదకొండు గంటలు, జూన్ పగలు పదమూడు గంటల పైచిలుకు; తేడా కొద్దిదే కనుక బొచ్చూ పలచగానే వస్తుంది. అందుకే నేను మైనస్ 15 జోలికి పోలేదు, అలవాటు లేని గుర్రానికి చెప్పే 5 డిగ్రీల లెక్కే పట్టుకున్నాను. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు పుట్టిన ఎడారి అంచుల్లో చలి రాత్రులు నాంపల్లి రాత్రులకన్నా కఠినం. భీమా ఒడ్డున పుట్టి మరాఠా దండుల్ని మోసిన దక్కనీ పొట్టిగుర్రం ఈ పీఠభూమి బిడ్డే. దాన్ని చలికి దాయడం చేపను వానకు దాచినట్టు.

ఇక నా వంతు నేరం. చలిగాలి తగలగానే గుర్రం వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. వాటి నడుమ చిక్కుకున్న గాలి పొరే దానికి అసలు దుప్పటి. బరువైన నన్ను దాని మీద పరిస్తే ఆ వెంట్రుకలు అణిగిపోతాయి, గాలి పొర పోతుంది. అంటే గుర్రం సొంత దుప్పటి తీసేసి నన్ను కప్పినట్టు. నేను మందంగా, పొడిగా ఉంటే సరిపెట్టగలను. పలచబడి, తడిసి ముద్దయి ఉంటే అసలు లేకపోవడమే మేలు. పైగా గుర్రం పొయ్యి కడుపులో ఉంటుంది. పెద్దపేగులో గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి రాత్రంతా సన్నగా కాగుతూనే ఉంటుంది. చలికాలం రాత్రి ఉలవ గుగ్గిళ్ళు ఓ గిన్నెడు ఎక్కువ పెడితే వేడి చేస్తాయని సయీసుల నమ్మకం. ఉలవల బలాన్ని నేను కాదనను, గుర్రాల తిండిగా వాటికి ఈ గడ్డ మీద పాతికేళ్ళది కాదు, తరతరాల పేరు. కానీ గింజ తొందరగా అరిగిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి ఒంటిని వెచ్చగా ఉంచేది గడ్డే. నాకు పెట్టే ఖర్చు ఒక మోపు ఎండుగడ్డికి పెడితే గుర్రానికి ఎక్కువ ఉపకారం.

అయితే నాకు పనే లేదని కాదు. పెళ్ళిగుర్రానికి చలికాలమే పని కాలం, ఆ పనీ రాత్రిపూట. వరుణ్ణి ఎక్కించుకుని బ్యాండు వెనక, లైట్ల వరస మధ్య, మర్ఫా దరువుకు అడుగులో అడుగు వేస్తూ గుర్రం గంటల తరబడి నడుస్తుంది. (ఆ మర్ఫా కూడా ఒకరకంగా గుర్రాల వెంట వచ్చిందే. నాంపల్లి పక్కనే ఉన్న ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చింది. వనపర్తి సంస్థానం నుంచి వచ్చిన ఆ ఆఫ్రికన్ సంతతి సిద్దీల వారసుల చేతుల్లో ఈ దరువు బతికింది.) జరీ బట్ట, జీను తీయగానే వాటి కింద నలుచదరంగా తడి కనిపిస్తుంది, దాన్నుంచి సన్నగా ఆవిరి లేస్తుంది. పట్టీ కింద చెమట ఎండి తెల్లటి ఉప్పు గీత కడుతుంది. ప్రమాదం జీను దించాక వచ్చే అరగంటలో ఉంది. 15 డిగ్రీల గాలి గుర్రాన్ని ఏమీ చేయదు, తడిసిన ఒంటి మీద అదే గాలి తగిలితే వేడి గబగబా దిగిపోతుంది. అప్పుడు ముందుగా గడ్డి చుట్టతో రుద్ది, నాలుగు అడుగులు నడిపించి, ఆ తర్వాత నన్ను వదులుగా కప్పాలి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తడిని పీల్చుకుని కూడా వెచ్చదనం వదలదు. ఒళ్ళు ఆరగానే నన్ను తీసేయాలి. చెవుల మొదళ్ళు వెచ్చగా, జబ్బ కింద చెయ్యి పెడితే పొడిగా తగిలితే నా పని అయిపోయినట్టే. ఈ పనికి లాయం అక్కర్లేదు. మూసిన గదిలో తడిగుర్రం ఇంకా ఆలస్యంగా ఆరుతుంది.

లాయం చేసే కీడు చలి చేసే కీడు కన్నా పెద్దదనడానికి పాత సాక్ష్యం ఫ్రెంచి సైన్యానిది. 1836కు ముందు ఆ సైన్యంలో ఏటా వెయ్యి గుర్రాలకు 180 నుంచి 197 దాకా చచ్చేవి. లాయాలు విశాలం చేసి, గాలి ఆడేట్టు కట్టాక తర్వాతి పదేళ్ళలో ఆ లెక్క వెయ్యికి 68కి దిగింది. గుర్రపు మూత్రం నుంచి లేచే అమ్మోనియా నేల దగ్గర చిక్కగా ఉంటుంది. పడుకున్న గుర్రం ముక్కూ అక్కడే ఉంటుంది. గడ్డిలోని దుమ్ము, బూజు రేణువులు మూసిన గదిలో బయటికి పోక తిరుగుతుంటాయి, ఏళ్ళ తరబడి పీలిస్తే ఉబ్బసంలాంటి జబ్బు. దానికి పశువైద్యులు మందుతో పాటు చెప్పే మొదటి మాట గుర్రాన్ని బయట కట్టమనే. నాంపల్లి విషయంలో ఇక్కడ గట్టి ఎదురుప్రశ్న ఉంది: చలికాలంలో ఈ నగరం గాలే చెడ్డది కదా, చల్లగాలి కిందికి దిగి బండ్ల పొగను నేలకు అణిచిపెడుతుంది కదా, అలాంటప్పుడు బయట ఉంచి ఏం లాభం? పొగ సంగతి నిజమే. కానీ లాయం గోడ పొగను వడకట్టదు, తలుపు సందుల్లోంచి అదే గాలి లోపలికీ వస్తుంది. లోపల దానికి అమ్మోనియా, దుమ్ము తోడవుతాయి. రెండు చెడుల మధ్య ఎంచుకోవడం కాదిది. ఒక చెడా, ఆ చెడుకు మరో రెండు కలిపా అన్న ప్రశ్న.

మరి కోట్ల రూపాయల గుర్రాల్ని మలక్‌పేట రేసుకోర్సులో లాయాల్లోనే ఎందుకు పెంచుతున్నారు, ఆ యజమానులకు తెలియదా అంటారు. తెలుసు. వాళ్ళు లాయం కట్టింది చలి కోసం కాదు. ఏ గుర్రం ఎంత దాణా తిన్నదో లెక్క ఉండాలి, పక్క గుర్రం తన్ని కాలు విరగకూడదు, బయటివాడు చెయ్యి వేయకూడదు, తెల్లవారి పరుగు సాధనకు చేతికి అందేట్టు ఉండాలి. ఇవన్నీ పందెం వ్యాపారానికి సరైన కారణాలే. దానికి కట్టే మూల్యమూ ఉంది. గుర్రం కడుపు చిన్నది, తిన్నా తినకున్నా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రోజులో పదహారు గంటలు మేసేందుకు పుట్టిన జంతువుకు రెండు పూటలా దాణా పెట్టి మధ్యలో ఖాళీగా నిలబెడితే కడుపులో పుళ్ళు పడతాయి. హాంకాంగ్‌లో 1986లో ప్రచురించిన పరిశీలనలో చచ్చిన పరుగు గుర్రాల్లో మూడింట రెండువంతుల వాటి కడుపుల్లో పుళ్ళు కనిపించాయి. పోలీసు అశ్వదళానికీ పిలిచిన క్షణాన జీను వేసి బయల్దేరాల్సిన అవసరం ఉంటుంది. అవసరాన్ని బట్టి లాయం కట్టుకోవచ్చు, చలిని దానికి సాకుగా చెప్పకూడదు. సైనిక చరిత్రే కావాలంటే, మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాదు లాన్సర్ల గుర్రాలు ఈజిప్టు, పాలస్తీనాల్లో ఏళ్ళ తరబడి ఆరుబయట వరసల్లో నిలబడ్డాయి. దండు వెంట లాయాన్ని మోసుకుపోలేరు. ముందూ వెనకా కట్టే అగాడీ పిఛాడీ తాళ్ళు, దాణా సంచీ, కప్పుకోవడానికి నాలాంటిదొకటి, అంతే.

వేసవి గురించి చట్టానికి కూడా తెలుసు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించకూడదు. చలికి అలాంటి హద్దు ఆ నిబంధనల్లో లేదు. ఎండలో కష్టపడే గుర్రం గంటకు పది లీటర్లకు పైగా చెమట కార్చగలదు, చెమటతో పాటు ఉప్పూ పోతుంది. ఆ కాలంలో దానికి నీడ, నీళ్ళు, గాలి మూడూ ఉండాలి. మూడు వైపులా తెరిచి, పైన ఎత్తుగా వేసిన కప్పు చాలు. గల్లీల్లో సర్వసాధారణంగా కనిపించే రేకుల షెడ్డు ఎత్తు తక్కువైతే మేలో పెనంలా కాలుతుంది. రేకు మీద సున్నం పూసి, పైన తాటాకు పరిస్తే కింద నిలబడగలిగేట్టు ఉంటుంది. ఎండలో నన్ను తడిపి గుర్రం మీద వేసే పద్ధతీ చూస్తుంటాను. అది తప్పు. ఆ తడి కాసేపటికే వేడెక్కి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చన్నీళ్ళు ధారగా పోసి గాలి తగలనిస్తేనే ఒళ్ళు చల్లారుతుంది. చన్నీళ్ళు పోస్తే గుర్రం బిగుసుకుపోతుందన్న పాత భయాన్ని 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు చేసిన పరిశోధనలే తొలగించాయి.

లాయాన్ని సమర్థించేవాళ్ళ చేతిలో అన్నిటికన్నా బలమైన వాదం పురుగులది, అది చలికాలానిది కాదు. 1959 నుంచి 1961 దాకా ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ మధ్యప్రాచ్యం మీదుగా భారతదేశం దాకా పాకి మూడు లక్షలకు పైగా గుర్రాల్ని, గాడిదల్ని, కంచర గాడిదల్ని బలి తీసుకుంది. దాన్ని మోసేది క్యులికాయిడ్స్ అనే సన్నని దోమలాంటి ఈగ. మసక వేళ నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. పగటి జోరీగలు మోసే సుర్రా జబ్బు మరొకటి. దాన్ని కలిగించే క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ కనిపెట్టింది ఈ ఉపఖండంలోని గుర్రాల, ఒంటెల రక్తంలోనే. ఈ పురుగుల జోరు వానలప్పుడూ, వానలు వెనుదిరిగిన కొత్తల్లోనూ. అంటే జులై నుంచి అక్టోబరు దాకా రాత్రిళ్ళు గుర్రానికి లోపలి చోటు కావాలనడం న్యాయం. అక్కడ కూడా గోడకన్నా సన్నని జాలీ, ఫ్యాను మేలు. ఆ చిన్న ఈగ బలహీనంగా ఎగురుతుంది, గాలి విసురుకు నిలవలేదు. చాలామంది వేపాకు పొగ పెడతారు. పురుగు పోతుందో లేదో గానీ, మూసిన లాయంలో ఆ పొగ గుర్రం ఊపిరితిత్తుల్లోకి పోవడం ఖాయం.

ఇంతా చెప్పి, నాంపల్లి గల్లీలో గోడ కొంకికి రెండడుగుల తాడుతో కట్టిన గుర్రాన్ని చూపించి, చూశారా, మాది ఆరుబయటే, గొంగడి చెప్పినట్టే చేస్తున్నాం అంటే నేను ఒప్పుకోను. ఆరుబయటి లాభం ఆకాశంలో లేదు. నడకలో ఉంది, తోటి గుర్రం వాసనలో ఉంది, నోట్లో ఆగకుండా ఆడే గడ్డిలో ఉంది. అడుగు వేసినప్పుడల్లా గిట్ట అడుగున ఉండే మెత్తని త్రికోణం నొక్కుకుని రక్తాన్ని పైకి తోస్తుంది. కట్టి నిలబెట్టిన గుర్రానికి అది జరగదు. గుర్రం నిలబడి కునుకు తీయగలదు, కానీ గాఢనిద్రకు మాత్రం పడుకోవాలి. రోజులో అరగంటో గంటో చాలు. తాడు పొట్టిదై, కింద కాంక్రీటో బురదో అయితే అది పడుకోదు. అలా రోజులు గడిస్తే నిలబడే ముందుకు తూలుతుంది, ముందుకాళ్ళ గిట్టల పై కీళ్ళ ముందు భాగాన చెక్కుకుపోయిన మచ్చలు పడతాయి. పెళ్ళిగుర్రాన్ని బాడుగకు మాట్లాడేవాళ్ళు వీపు మీది జరీ కన్నా ముందు ఆ కీళ్ళు చూడటం మంచిది. కాబట్టి మా గల్లీలో లాయమా, బయటా అన్నదానికన్నా తాడెంత, నేలేమిటి అన్నది పెద్ద ప్రశ్న. కాపలా లేకుండా వదిలేస్తే కుక్కలు, దొంగలు, బండ్లు ఉంటాయన్న భయం నిజమైనదే, కానీ దానికి కావాల్సింది కంచె. కంచెలోంచి గాలి వస్తుంది.

ఊళ్ళో చోటెక్కడుంది అని చివరికి అడుగుతారు. 1907లో నాంపల్లి స్టేషను కట్టిన కాలానికి గుర్రపుబండి ఈ రోడ్ల మామూలు దృశ్యం. నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరే పక్కనున్న ఆబిడ్స్‌కు మిగిలింది. ఆ దుకాణానికి వచ్చినవాళ్ళూ బండ్లలోనే వచ్చారు. ఆ బండ్లతో పాటే గడ్డి అడితీలు, నీళ్ళ తొట్లు, లాడాలు కొట్టేవాళ్ళు పోయారు. ఇప్పుడు మిగిలిన కొద్ది గుర్రాలకు పచ్చికబయలు అడగడం అత్యాశే. ముంబయిలో విక్టోరియా గుర్రపుబండ్లను ఆపాలని 2015లో హైకోర్టు తీర్పు వచ్చినట్టు ఇక్కడా పెళ్ళిగుర్రాల్నే ఆపేయాలనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటలో పస లేదనను. కానీ ఆపే రోజు వచ్చేదాకా ఆ గుర్రం ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. నలుగురైదుగురు యజమానులు కలిసి ఊరి అంచున ఓ కంచెవేసిన జాగా తీసుకుని, పెళ్ళి ఉన్న సాయంత్రం మాత్రమే గుర్రాన్ని నాంపల్లికి నడిపించుకొస్తే, నగరం మధ్యలో గది అద్దెకన్నా అదేమీ ఖరీదు కాదు.

నా సాక్ష్యానికి మినహాయింపులున్నాయి. పళ్ళరిగిన ముసలి గుర్రం, డొక్కలు తేలిన గుర్రం, జ్వరంతో ఉన్నది, నెలలు నిండని పిల్ల, బొచ్చు కత్తిరించిన రేసు గుర్రం వీటికి చలి హద్దు పైకి జరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు కురిస్తే, తడి, గాలి కలిసి కొట్టే ఆ రాత్రులే ఈ ఊళ్ళో గుర్రానికి అసలు చలి. అప్పుడు కప్పు కిందికి చేర్చండి, నన్నూ కప్పండి, పొద్దున ఎండ రాగానే తీసి దులిపి ఆరేయండి. తడిసిన నన్ను రోజుల తరబడి వీపు మీదే ఉంచితే పుండ్లు, గజ్జి నా వల్లే వస్తాయి. మిగతా చలికాలమంతా నన్ను మేకుకే ఉండనివ్వండి. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలై కశ్మీరు శాలువాల దుకాణాల ముందు జనం మూగినప్పుడు, పక్కన గుర్రం ఒట్టి ఒంటితో నిలబడి ఉందని ఎవరూ జాలిపడనక్కర్లేదు. ఆ జాలిని ఏప్రిల్‌కు దాచుకుని, రేకుల మీద సున్నం కొట్టించి, తొట్టిలో నీళ్ళు రెండింతలు చేస్తే చాలు. ఆ సున్నానికి అయ్యే ఖర్చు కొత్త గొంగడి ధరకన్నా తక్కువే. ఈ మాట మా నేతగాళ్ళకు నచ్చదు.